వేళకు తినమంటున్నారు సరే, ఆ వేళ ఎవరి చేతిలో ఉంది?

ఈ మధ్య బాసరకు దగ్గర్లో ఆడపిల్లల హాస్టల్లో జరిగిన ఒక అవగాహన సదస్సుకు నన్నూ పిలిచారు. విషయం 'మానసిక ఆరోగ్యం - మంచి అలవాట్లు'. పట్నం నుంచి వచ్చిన వక్త గంటసేపు మాట్లాడారు. వేళకు లేవాలి, వేళకు తినాలి, వేళకు పడుకోవాలి. పొద్దున టిఫిన్ మానేస్తే చిరాకు, దిగులు, చదువు మీద ధ్యాస తగ్గడం తప్పవు. అంతా మన చేతుల్లోనే ఉంది. ఇదీ సారాంశం. చివర్లో ప్రశ్నలు అడగమంటే వెనక వరసలో ఒక పిల్ల లేచి, "వేళకు తినాల్నంటే తినేటట్టున్న బువ్వ వేళకు ఉండాలె గద మేడం?" అంది. అందరూ నవ్వారు. వక్త కూడా నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ రోజు అక్కడ నిజంగా చర్చించాల్సిన ఒకే ఒక్క విషయం అలా నవ్వుల్లో కొట్టుకుపోయింది. ఆ ప్రశ్న దగ్గర ఆగాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

వక్త చెప్పింది అబద్ధం కాదు. తిండి, నిద్ర, పని వేళలు తప్పితే మనసు చెదురుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు సగం తిండి పెట్టి పరిశీలించాడు. వాళ్లు బరువు తగ్గడమే కాదు, దిగాలుపడ్డారు, చీటికీమాటికీ చిరాకుపడ్డారు, మనుషులకు దూరమయ్యారు, తిండి తప్ప మరో ఆలోచన లేని స్థితికి చేరారు. ఆకలి కడుపులోనే ఉండదని, మనసులోకి ఎక్కుతుందని ప్రపంచం అలా నమ్మింది. ఆ 36 మందీ మగవాళ్లే. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తిని బతుకుతున్న కోట్లాది ఆడవాళ్ల మీద ఏ ప్రయోగమూ అక్కర్లేకుండానే ఇదంతా కనబడుతూనే ఉంది. కానీ వాళ్లలో కనబడినప్పుడు దాన్ని ఆకలి అనలేదు. 'ఆడదాని గయ్యాళితనం' అన్నారు, 'ముభావం' అన్నారు, 'గాలి సోకింది' అన్నారు. ఇప్పుడు 'జీవనశైలి లోపం' అంటున్నారు. పేరు మారింది కానీ నేరం మాత్రం ఆమె మీదే ఉంది.

నా పేచీ శాస్త్రంతో కాదు. దినచర్యను వ్యక్తి గుణంగా, క్రమశిక్షణగా చూపించే దృష్టితోనే నా పేచీ. దినచర్య ఒక సామాజిక సంబంధం. ఒకరి దినచర్య సాఫీగా సాగాలంటే మరొకరి దినచర్య ముక్కలు కావాలి. మగవాడికి ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకు అన్నం అందుతున్నాయంటే ఆ ఇంట్లో ఇంకొకరికి ఏ వేళా లేదనే అర్థం.

మన ప్రాంతపు బీడీ కార్మికురాలినే చూడండి. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల వైపు ఏ వాడకు వెళ్లినా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనబడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఒక్క చేతి మీద వెయ్యి అంటే పొద్దున కూర్చుంటే చీకటి పడుతుంది. రాత్రే తునికాకు తడిపి పెట్టుకోవాలి. మధ్యలో వంట, నీళ్లు, పిల్లలు. లేచి తింటే ఆ అరగంటకు ఎన్ని బీడీలు పోతాయో ఆమెకు లెక్క తెలుసు. అందుకే చాయ తాగుతుంది. "చాయ తాగితే ఆకలి చస్తది, చెయ్యి ఆగది" అని నాతో ఎంతోమంది అన్నారు. తంబాకు ఘాటుకు నోరు చేదెక్కి అన్నం సహించదని కూడా చెప్పారు. మగడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే అతని డ్యూటీ దిగిన వేళ ఇక్కడ సగం రాత్రి. ఆ ఫోను కోసం మేలుకోవాలి. మళ్లీ కోడి కూసే వేళకు లేవాలి. ఆమె రోజును కంపెనీ లెక్క, ఇంటి పొయ్యి, గల్ఫ్ గడియారం మూడూ కలిసి పంచుకున్నాయి. అందులో ఆమె తిండికి కేటాయించిన వేళ ఏది?

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. దాదాపు ఇరవై ఏళ్ల కిందట నా పీహెచ్.డి. కోసం ఈ ఇళ్లలో తిరిగాను. నా ప్రశ్నావళిలో 'రోజుకు ఎన్నిసార్లు భోజనం చేస్తారు?' అని ఒక ప్రశ్న ఉండేది. అందరూ 'రెండుసార్లు' అనో 'మూడుసార్లు' అనో చెప్పారు, నేను రాసుకున్నాను. ఎప్పుడు, ఎవరి తర్వాత, కూర్చునా నిలబడా, ఏం మిగిలాక అని నేను అడగలేదు. పైగా వాళ్లకు కాస్త తీరిక దొరికేది మధ్యాహ్నమే కదా అని ఆ వేళకే వెళ్లేదాన్ని. ఒకరోజు ఒక పెద్దమ్మ అంది: "నువ్వు అడిగేటియి అయిపోతే ఇంత తిందు బిడ్డా." ఆకలి గురించి పరిశోధన చేస్తూ ఆమె అన్నం వేళను నేనే తినేశాను.

దినచర్య కూలితే ఏమవుతుందో 2020 మార్చిలో అందరికీ అర్థమైందని అనుకున్నాం. లాక్‌డౌన్ వచ్చింది, బీడీ పని ఆగింది. రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డున్న కుటుంబాల్లో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. అది అవసరమే, ఎంతోమందిని ఆదుకుంది. కానీ బియ్యం ఇంటికి వచ్చినంత మాత్రాన అన్నం ఆమె కంచంలోకి రాదు. ఇంటిల్లిపాదీ రోజంతా ఇంట్లోనే ఉన్నారు. పొయ్యి మూడుసార్లు వెలిగించాల్సింది ఐదుసార్లు వెలిగింది. పట్నపు పత్రికలు 'ఇంట్లో ఉండి కొత్త వంటలు నేర్చుకోండి' అని రాస్తున్న రోజుల్లో ఈ వాడల్లో ఆడవాళ్లు కూరను పచ్చిపులుసుతో, పచ్చిపులుసును తొక్కుతో సరిపెడుతూ తమ వంతు తగ్గించుకుంటూ వచ్చారు.

ఆ కాలంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని మార్పు ఇంకొకటి జరిగింది. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పేరిట గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం పెడుతున్నారు. ఆ పథకంలోని అసలు బలం అన్నం, గుడ్డు, పాలు మాత్రమే కాదు. అక్కడే కూర్చుని, ఒక వేళకు, నలుగురితో కలిసి తినడం. ఇంటికి ఇస్తే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి వెళుతుందో మనకు తెలుసు. అంగన్‌వాడీలు మూతపడి సరుకులు ఇంటికి చేరినప్పుడు సరిగ్గా ఆ బలమే పోయింది. కాగితం మీద పథకం ఆగలేదు. ఆమె మాత్రం మళ్లీ ఆఖరి వరసలోకి వెళ్లింది. 'వేళకు తినడం' అనేది అలవాటు కాదు, ఒక ఏర్పాటు అని చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక కూతుళ్ల సంగతి. బాసరలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వచ్చింది. అందరూ ట్రిపుల్ ఐటీ అంటారు. పదో తరగతి మార్కులతో, సర్కారు బడి పిల్లలకు అదనపు పాయింట్లతో సీటు. ఆరేళ్ల చదువు. మొదటిసారి బీడీ కార్మికురాలి కూతురు, కూలి తల్లి కూతురు ఇంజనీరయ్యే దారి దొరికింది. ఇది చిన్న విషయం కాదు. ఆ పిల్ల పదిహేను, పదహారేళ్లకే ఇల్లు వదిలి వస్తుంది. ఆమె నిద్ర, చదువు, స్నానం, తిండి అన్నీ సంస్థ గంట ప్రకారం నడుస్తాయి. గంట సంస్థదైనప్పుడు కంచంలో ఏముందన్న బాధ్యత కూడా సంస్థదే కదా?

2022 జూన్‌లో ఆ విద్యార్థులు తిండి, వసతులు, శాశ్వత వైస్ చాన్సలర్ వంటి 12 డిమాండ్లతో దాదాపు వారంపాటు ఎండా వానా అనకుండా కూర్చున్నారు. హామీలు విని లేచారు. నెల తిరక్కుండానే, జూలై 15న మధ్యాహ్న భోజనం చేశాక వందమందికి పైగా వాంతులతో, కడుపునొప్పితో ఆస్పత్రి పాలయ్యారు. ఆ నెలాఖరులో మెస్ కాంట్రాక్టర్లను మార్చాలంటూ రాత్రి భోజనం మానేసి పస్తు పడుకున్నారు. ఆకలికి సమాధానం లేక ఆకలినే ఆయుధం చేసుకోవాల్సి వచ్చింది. 2023 జూన్‌లో కొద్ది రోజుల తేడాలో అక్కడ ఇద్దరు విద్యార్థినులు ప్రాణాలు కోల్పోయారు. ఆ మరణాలకు కారణం ఇదీ అని నేను చెప్పబోవడం లేదు. అంత తేలిగ్గా ఎవరూ చెప్పకూడదు. కానీ పిల్లల మనసు గురించి మాట్లాడేవాళ్లు వాళ్ల కంచం గురించి కూడా మాట్లాడాల్సిందే అంటున్నాను.

ఇది ఒక్క బాసర కథ కాదు. 2024 అక్టోబర్ చివర్లో కుమురం భీం జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ బాలికల పాఠశాలలో పిల్లలు తిండి వల్ల జబ్బుపడ్డారు. వాళ్లలో ఒక బాలిక వారాలపాటు నిమ్స్‌లో పోరాడి నవంబర్‌లో చనిపోయింది. ఇలాంటి వార్త చదివిన ప్రతి హాస్టల్ పిల్లా ఆ పూట అన్నంలోకి భయంతో చూస్తుంది. ఒకసారి పురుగు చూసిన పిల్ల తర్వాతి పది పూటలూ సగమే తింటుంది. బాత్రూమ్‌లు సరిగా లేకపోతే నీళ్లు తాగడం తగ్గిస్తుంది. ముట్టు రోజుల్లో మెస్ వరసలో నిలబడలేక గదిలోనే పడుకుంటుంది. మగపిల్లలు గేటు దాటి వెళ్లి ఏదో ఒకటి తిని రాగలరు. 'భద్రత' పేరుతో చీకటి పడకముందే తాళం పడే ఆడపిల్లల హాస్టల్లో ఆ దారి కూడా లేదు. ఆమెకు ఉన్న దారి బిస్కెట్ పొట్లం. దీన్ని 'సరిగా తినని అలవాటు' అందామా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. నీరసం, నిరాసక్తత, దేని మీదా మనసు నిలవకపోవడం రక్తహీనత లక్షణాలు కూడా. వందలో యాభై ఏడు మందికి ఒకేసారి 'అలవాట్లు' చెడిపోయాయా?

ఇదంతా విని 'అందుకే ఆడపిల్లను ఇంటి దగ్గరే ఉంచాలి, ఇంటి తిండి ఇంటి తిండే' అనేవాళ్లు తయారుగా ఉంటారు. జాగ్రత్త పడాలి. ఇంటి తిండి ఎవరికి ఎంత దొరుకుతుందో పైన చూశాం. ఆ ఇంటికి తిరిగి వెళ్లిన పిల్ల కోసం వంటిల్లు, బీడీల చాట, పెళ్లి సంబంధం కాచుకుని ఉంటాయి. తిండి బాగాలేని హాస్టల్‌కు జవాబు తిండి బాగున్న హాస్టల్ మాత్రమే.

మరి మనం ఏం అడగాలి? సలహాలు వద్దు, హక్కులు అమలు చేయమందాం. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు బడిలో వండిన భోజనం పెట్టి తీరాలని ఆదేశించింది. 2013 ఆహార భద్రతా చట్టం ఆ భోజనాన్ని హక్కు చేసింది. అర్హులకు అందకపోతే ఆహార భద్రతా భత్యం చెల్లించాలని కూడా చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. ఈ చట్టాలను వేర్వేరు అర్జీలుగా కాదు, ఒకే అర్జీగా పట్టుకెళ్లాలి. హాస్టల్ మెస్ కమిటీల్లో ఆడపిల్లలు సగం ఉండాలి. వాళ్లు సంతకం పెట్టనిదే కాంట్రాక్టరు బిల్లు పాస్ కాకూడదు. ప్రతి హాస్టల్లో కౌన్సెలర్‌తోపాటు రక్తపరీక్ష ఉండాలి. ఫిర్యాదు చేసిన పిల్ల మీద 'క్రమశిక్షణ' కర్ర ఎత్తకూడదు. ఏ విపత్తు వచ్చినా అంగన్‌వాడీలో కూర్చుని తినే పూటను చివరగా ఆపి మొదటగా తెరవాలి. బీడీ కూలి రేటును నిర్ణయించేటప్పుడు తిని, కాసేపు నడుం వాల్చే సమయం కూడా పనిదినంలో భాగంగా లెక్కగట్టాలి.

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. మన శిక్షణా తరగతుల్లో పల్లెల నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చిన అక్కలకు మూడింటిదాకా అన్నం పెట్టకుండా 'ఆరోగ్య హక్కులు' బోధించిన రోజులు లేవా? పదకొండింటికి రమ్మని కలెక్టరేట్ ముందు సాయంత్రందాకా ఖాళీ కడుపుతో కూర్చోబెట్టలేదా? వచ్చే మీటింగు నుంచి ఎజెండాలో మొదటి అంశంగా భోజనం వేళ రాద్దాం. అది దాటాక ఎవరి ఉపన్యాసమైనా, నాదైనా సరే, ఆపేద్దాం.

బాసరకు తల్లులు పిల్లల్ని తీసుకొస్తారు, సరస్వతి ముందు అక్షరాభ్యాసం చేయిస్తారు. మన ఇళ్లలో ఆ అక్షరం బియ్యంలోనే దిద్దిస్తాం. అక్షరానికి, అన్నానికి ఉన్న సంబంధం మన ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అదే ఊరి దగ్గర ఒక ఆడపిల్ల నిలబడి అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ జవాబు ఇవ్వాల్సినవాళ్లను నిలదీసేదాకా 'వేళకు తినండి' అని ఏ ఆడపిల్లకూ చెప్పే అర్హత మనకు లేదు.