కుక్క చావు అనకండి



ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో మనం అమ్మానాన్నలకు, వార్డెన్ గారికి, వంటమనుషులకు, చదువు చెప్పిన గురువులకు కృతజ్ఞతలు రాసుకుంటాం. రాసుకోవలసిందే. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి తరం మాదే. ఆ డిగ్రీ వెనుక ఉన్నవాళ్ల జాబితాలో ఒక కుక్క కూడా ఉందంటే కొందరు నవ్వవచ్చు. నవ్వినా సరే, చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మా నల్లోడు గత వేసవిలో చనిపోయాడు. మేము ఆరో తరగతిలో ట్రంకు పెట్టెతో హాస్టల్‌లో చేరిన ఏడాదే చెరువు గట్టు మీద దొరికిన పిల్ల. పన్నెండేళ్లు బతికాడు. మా హాస్టల్ చదువు వయసెంతో వాడి వయసూ అంతే.

కర్నూలు పడమటి పల్లెల వాళ్లకు సుగ్గి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాం. వానలు తప్పి పంట చేతికి రాకపోతే పత్తి తీతకో, మిరప కోతకో గుంటూరు వైపు కూలికి పోవడమే సుగ్గి. నెలల తరబడి ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, తలుపులకు తాళాలు. పిల్లలు బడి మాని వెంట పోతారు, లేదా ముసలివాళ్లకు తోడుగా ఇంటివద్ద ఆగిపోతారు. ఇలాంటి పిల్లల కోసమే సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు పెట్టవలసి వచ్చింది. మా ఇంట్లో చూపు తగ్గిన అవ్వ, రెండు మేకలు ఉండేవి. "పిల్లోణ్ణి ఈ ఏడు ఇంటికాడే పెట్టుకుందాం" అని నాయన ఒకటి రెండుసార్లు అన్నాడు. "నల్లోడు ఉన్నాడు గదా, వాణ్ణి సదువుకోనీరా" అన్నది అవ్వ. మా చదువు అలా నిలబడింది.

రాత్రిపూట అవ్వ బయటికి లేస్తే వాడు ముందు నడిచేవాడు. పాము కనిపిస్తే అడ్డం నిలబడి మొరిగేవాడు. ఇంత పనికీ వాడికి ముట్టిన జీతం పూటకొక జొన్నరొట్టె ముక్క.

వాడు పోయినప్పుడు మాకు సెమిస్టరు పరీక్షలు. ఇంట్లో మనిషి పోతే ఎలా దాస్తారో అలాగే దాచి, ఆఖరి పేపరు అయ్యాక ఫోన్లో చెప్పారు. నాయన తుమ్మచెట్టు కింద గుంత తీసి, పాత దుప్పటి చుట్టి, పిడికెడు ఉప్పు వేసి పూడ్చాడట. ఆ రోజు కూలికి పోలేదట. కుక్క చస్తే కూలి పోగొట్టుకుంటారా అని ఊళ్లో నవ్వారట. నాయన చేసిందే న్యాయమని మా అభిప్రాయం. పన్నెండేళ్లు ఒక్క సెలవు లేకుండా పనిచేసినవాడి కోసం ఒక్క రోజు కూలి ఎక్కువేమీ కాదు.

జపాన్‌లో హచికో అనే కుక్క, చనిపోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి షిబుయా స్టేషన్‌కు వచ్చి ఎదురుచూసింది. అది బతికుండగానే, 1934లో, అక్కడ కంచు విగ్రహం పెట్టారు. మా నల్లోడికి సరైన ఫోటో కూడా లేదు. అక్క పెళ్లి ఫోటోలో పందిరి గుంజ పక్కన సగం కనిపిస్తాడు.

మన భాషలో హీనమైన చావుకు పేరు 'కుక్క చావు'. ఎం.ఏ. తెలుగులో మేము చదివిన భారతం మాత్రం అలా చూడలేదు. ఆదిపర్వం మొదట్లోనే జనమేజయుని యజ్ఞం దగ్గర అతని తమ్ముళ్లు ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొడతారు. దాని తల్లి సరమ వచ్చి రాజునే నిలదీస్తుంది. మహాప్రస్థానిక పర్వంలో వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు ధర్మరాజు.

"మనుషులకే విలువలేని చోట కుక్క కోసం ఏడుపేంటి?" అని మా రూమ్మేట్ ఒకడు అడిగాడు. ఈ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం. పశువులు తాగే చెరువు నీళ్లను మనుషులం తాగడానికి 1927లో అంబేడ్కర్ గారి వెంట మహద్‌లో పోరాడవలసి వచ్చింది. మనవాళ్లను తిట్టడానికీ కుక్క పేరే వాడారు. కానీ ఆ కట్టుబాటు పెట్టింది కుక్కలు కాదు కదా! నల్లోడు పెద్దిళ్ల వీధుల్లో తిరిగి వచ్చేవాడు, మా గడపలో రొట్టె తినేవాడు. ఎక్కడా కులం అడగలేదు. మన మీద పడిన తిట్టును దులుపుకుని వాడి మీద వేయడం మాకు సమ్మతం కాదు.

(ఇదంతా చదివి కుక్కకాటును తేలిగ్గా తీసుకునేరు! కరిస్తే పసరు కట్లు మాని, సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.)

ఈసారి సుగ్గికి నాయన ఒక్కడే పోయాడు. అవ్వకు తోడుగా అమ్మ ఇంటివద్ద ఆగిపోయింది. మిరప కోతలో అమ్మ తెచ్చే కూలి ఈ ఏడాది మా ఇంటికి లేదు.