ఫిర్యాదు చేస్తే ఒప్పందం రద్దు చేస్తారా?

‘మా సేవలు మీకు నచ్చడం లేదని అర్థమైంది. కాబట్టి సర్వీసు ఒప్పందాన్ని ఇంతటితో రద్దు చేస్తున్నాం.’ అనంతపురం జిల్లాలో మూడెకరాల చీనీ తోట ఉన్న మన సంఘ సభ్యుడికి డ్రిప్పు సర్వీసు కాంట్రాక్టరు ఏప్రిల్‌లో పంపిన కాగితం సారాంశమిది. చదివితే ఎంత మర్యాదో! అసలు సంగతి వేరు.

ఐదేళ్ల సర్వీసుకు డబ్బు ముందే కట్టించుకున్నారు. రెండో ఏడాదికే ఫిల్టరు పాడై, ఇసుక లేటరల్ పైపుల్లోకి దిగి డ్రిప్పర్లు మూసుకుపోయాయి. రైతు ఐదుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లు ఆఫీసు మెట్లెక్కాడు. మెకానిక్ ఒక్కసారి వచ్చి, పైపుల చివర మూతలు విప్పి నీళ్లు వదిలి వెళ్లిపోయాడు. చివరికి రాతపూర్వకంగా ఫిర్యాదిస్తే వచ్చిన జవాబే ఈ రద్దు కాగితం. మిగిలిన మూడేళ్ల డబ్బు మాట అందులో లేదు.

పిందె మీదున్న చీనీకి ఎండాకాలంలో నీళ్లు తప్పితే కాయ రాలుతుంది. ఇంకా ఆలస్యమైతే చెట్టే ఎండుతుంది. మళ్లీ మొక్క నాటి కాపు చూడాలంటే నాలుగైదేళ్లు. కాంట్రాక్టరుకు పోయేది ఒక ఖాతాదారుడు, రైతుకు పోయేది తోట.

‘ఇష్టం లేనివాడితో ఎట్లా పనిచేస్తాం?’ అని కాంట్రాక్టర్లు అంటున్నారు. పనిచేయలేకపోతే తప్పుకోండి, వద్దనం. రైతు ఫిల్టరు కడగకపోవడం వల్లే పాడైందంటే అదైనా రాసివ్వండి. కానీ డబ్బు ఉంచుకుని, నడి వేసవిలో, నోరు తెరిచాడన్న ఒక్క కారణంతో చేతులు దులుపుకోవడం తప్పుకోవడం కాదు, శిక్ష వేయడం. ఒక్కరికి ఈ కాగితం వస్తే ఊళ్లో పదిమంది నోళ్లు మూతపడతాయి. వాళ్లకు కావలసిందీ అదే.

ఆ ఒప్పందం వెనక చిన్న అక్షరాల్లో ‘కారణం చూపకుండా రద్దు చేసే హక్కు మాకుంది’ అని ఉంది. సరైన కారణం లేకుండా ఒకవైపు నుంచే రద్దు చేసుకునే షరతు అన్యాయమైన ఒప్పందం కిందికి వస్తుందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన మన తెలుగు రైతుల కేసులో, రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో తెచ్చిన వ్యవసాయ సేవల ఒప్పందాల చట్టం సివిల్ కోర్టు తలుపే మూసేసింది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చుని 2021లో దాన్ని రద్దు చేయించుకున్నాం. పోరాడి తెరిపించుకున్న తలుపును తట్టకుండా ఇంట్లో కూర్చుంటామా?

అందుకే సభ్యులకు మా మాట: ఫోన్‌తో సరిపెట్టకండి. ఫిర్యాదు రాసివ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. రసీదులు, పాడైన పైపుల ఫోటోలు దాచండి. సేవా లోపం మీద రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఒప్పంద షరతునే సవాలు చేయాలంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

మా డిమాండ్లు మూడు. పంట చేతికొచ్చే దాకా ఏ సర్వీసు ఒప్పందాన్నీ రద్దు చేయకూడదు. రద్దు చేస్తే మిగిలిన కాలానికి సొమ్ము తిరిగివ్వాలి. సబ్సిడీ పరికరాలు అమ్మే కంపెనీల సర్వీసు ఒప్పందాలను తెలుగులో, ఒకే నమూనాలో ప్రభుత్వమే ఖరారు చేయాలి.

ఇలాంటి కాగితం ఎవరికొచ్చినా మండల కమిటీకి తెచ్చివ్వండి. ఒంటరిగా వెళ్తే రద్దు కాగితమిస్తారు. పదిమందిమి వెళ్తే కుర్చీ వేసి మాట్లాడతారు.