కరుస్తుందట!

తెలుగులో 'అట' అనే చిన్న మాట ఉంది. రెండే అక్షరాలు. కానీ ఒక మూగజీవి బతుకును వీధిపాలు చేయడానికి అవి చాలు. ఏ వాడకు వెళ్లినా ఒక కుక్క ఉంటుంది. 'దాని దగ్గరికి పోకు, కరుస్తుందట' అంటారు. ఎవరిని కరిచింది? తెలియదు. ఎప్పుడు? అదీ తెలియదు. గట్టిగా అడిగితే పక్కింటివాళ్లను అడగమంటారు. వాళ్లు ఎదురింటివాళ్లు చెప్పారంటారు. మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురైనా, హైదరాబాద్‌లోని బంజారాహిల్స్ అయినా ఈ విషయంలో పెద్ద తేడా ఉండదు.

అదే వాడలో ఇంకో ఇల్లూ ఉంటుంది. పదేళ్లో పన్నెండేళ్లో గుమ్మంలో పడుకున్న కుక్క పోయిన ఇల్లు. గొలుసు ఇంకా మేకుకే వేలాడుతుంటుంది. అన్నం తింటూ తింటూ చివరి ముద్ద పక్కన పెడుతుంది ఇల్లాలు. పెట్టాక గుర్తొస్తుంది, తినేది లేదని. 'కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోండి' అంటూ ఓదార్చేవాళ్లు వస్తారు. ఆ మాట విన్నాక ఏడుపు కూడా చాటుగానే ఏడవాలి.

ఆ ఇంటికి ఒక కుక్క కావాలి. ఆ కుక్కకు ఒక ఇల్లు కావాలి. మధ్యలో అడ్డం రెండు. ఇంట్లోవాళ్ల మనసులో బెంగ, వాడలోవాళ్ల నోట్లో 'అట'.

మళ్లీనా... వద్దు బాబోయ్!

ముందు బెంగ సంగతి చూద్దాం. కుక్క పోయిన ఇంట్లో మొదట వినపడే మాట 'ఇక జన్మలో పెంచం' అని. అందులో తప్పేమీ లేదు. 2024 అక్టోబరులో కన్నుమూసిన రతన్ టాటా కూడా ఇలాగే అనుకునేవారట. పెంచిన కుక్క పోయిన ప్రతిసారీ, ఇలాంటి ఎడబాటు మళ్లీ తట్టుకోలేనని తీర్మానించుకునేవాణ్నని ఆయనే చెప్పారు. రెండు మూడేళ్లు గడిచేసరికి ఇల్లు మరీ బోసిపోయి, మరో కుక్క వచ్చి చేరేదట. టిటో అనే కుక్క పోయాక తెచ్చుకున్న జర్మన్ షెపర్డ్‌కూ టిటో అనే పేరు పెట్టుకున్నారు. తన తర్వాత దాన్ని ఎవరు చూసుకోవాలో వీలునామాలో రాశారు. ముంబయిలో టాటాల ప్రధాన కార్యాలయం బాంబే హౌస్‌ను 2018లో బాగుచేయించినప్పుడు వీధికుక్కల కోసం ప్రత్యేకంగా ఒక గదే కట్టించారు. అక్కడ ఆయన వెంట తిరిగిన 'గోవా' అనే కుక్క కూడా వీధిలో దొరికిందే!

కొత్తది వచ్చినంత మాత్రాన పాతదాన్ని మరిచిపోయినట్టు కాదు. రెండో బిడ్డ పుట్టాక మొదటి బిడ్డ మీద ప్రేమ తగ్గుతుందా ఏమిటి? ఇదీ అంతే. కాకపోతే తొందర కూడదు. ఇంట్లో అందరూ పోయినదాని గురించి కన్నీళ్లు లేకుండా నవ్వుతూ నాలుగు మాటలు చెప్పుకోగలిగిన రోజు, కొత్తదాని సంగతి ఆలోచించొచ్చు.

సరమ అడిగిన ప్రశ్న

ఇక 'అట' సంగతి. మహాభారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క కథ వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికి ఒక కుక్కపిల్ల వచ్చింది. రాజుగారి తమ్ముళ్లు దాన్ని కొట్టి తరిమారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పోయింది. 'నువ్వేం చేశావు?' అంది తల్లి. 'ఏమీ చేయలేదు. హవిస్సును ముట్టుకోనూ లేదు, దానివైపు చూడనూ లేదు' అంది పిల్ల. సరమ నేరుగా రాజు దగ్గరికే వెళ్లి నిలదీసింది. తప్పేమీ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని! జవాబు లేదు. ముందువెనకలు చూడకుండా ఇలా చేసేవారికి అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్లిపోయింది. అంత పెద్ద ఇతిహాసం తొలి అడుగుల్లోనే ఒక కుక్కకు న్యాయం అడిగే అవకాశం ఇచ్చారు పెద్దలు.

మన వాడలోనూ అదే కథ. ఊరకుక్క ముందు మీరు చెప్పు సర్దుకోవడానికి వంగి చూడండి... పరుగు లంకించుకుంటుంది. వంగిన ప్రతి మనిషీ రాయి కోసమే వంగుతాడని అది నేర్చుకుంది. నేర్పింది మనమే. మూలకు ఇరికించినప్పుడు గుర్రుమంటే అది భయం. పిల్లల దగ్గరికి వెళ్తే మీద పడిందంటే అది తల్లి. ముట్టుకుంటే పళ్లు చూపిస్తే చెవిలో చీమో, కాల్లో విరిగిన ఎముకో ఉందేమో! గుర్రుమనడం నిజానికి హెచ్చరిక. 'ఇక చాలు, ఆగు' అని చెప్పడానికి దానికి మరో భాష లేదు.

అలాగని అన్నీ అపోహలేనా? కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని వీధికుక్కలు పొట్టనపెట్టుకున్నాయి. ఆ తల్లిదండ్రుల ముందు జీవకారుణ్యం గురించి ఉపన్యాసం ఇవ్వగలమా? మరోవైపు 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై దాకా వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. భయం అక్కడిదాకా పోకూడదు. నిజమైన దారి ఈ రెండింటి మధ్యే ఉంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా, వీలైనన్నింటికి ఒక ఇల్లు. 2025 ఆగస్టు 22న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు కూడా, ఇష్టమైనవారు వాటిని దత్తత తీసుకోవచ్చని చెప్పింది. ఒకసారి తీసుకున్నాక మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవాలనీ షరతు పెట్టింది. దానికి అయిదు రోజుల ముందే, ఆగస్టు 17 ఆదివారం నాడు, జీహెచ్ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు చాలా ఏళ్లుగా చేస్తున్న పనీ ఇదే.

తెచ్చుకునే ముందు...

పెద్ద ఊళ్లలో మేళాలుంటాయి. నెల్లికుదురు లాంటి చోట? మేళా అక్కర్లేదు, కుక్క మీ వాకిట్లోనే ఉంటుంది. కొన్ని సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి.

మొదట పశువుల దవాఖానకు తీసుకెళ్లండి. రేబిస్ టీకా, నట్టల మందు, గోమార్లకు మందు... ఆ తర్వాతే ఇల్లు. రేబిస్ టీకా ఏటా వేయించాలి. ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరునే అడగండి.

పాత కుక్క పార్వో జబ్బుతో పోయి ఉంటే జాగ్రత్త. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. బ్లీచింగ్ నీళ్లతో కడిగి, టీకాలు పూర్తయిన కుక్కనే తెచ్చుకోవాలి.

దత్తత ఇచ్చే సంస్థలు మూడు మూళ్ల లెక్క చెబుతుంటాయి. మూడు రోజులు బెదురు. మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది. మూడు నెలలకు ఇది నా ఇల్లే అనుకుంటుంది. ఒకటి ముందో వెనకో కావచ్చు. మొదటిరోజే ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని చూడకండి. ఒక మూల గోనెసంచి పరిచి, తిండీ నీళ్లూ పెట్టి, దాని మానాన దాన్ని వదిలేయండి. కళ్లలోకి గుచ్చి చూడొద్దు. దగ్గరకు రావడం దాని వంతు.

తినేటప్పుడు, పడుకున్నప్పుడు పిల్లలను దగ్గరికి పోనివ్వొద్దు. ఎంత మంచి కుక్కయినా సరే, చిన్నపిల్లలను దానితో ఒంటరిగా వదలొద్దు. ఎప్పుడైనా పన్ను దిగితే పసుపు, సున్నం పెట్టకండి. పావుగంట సేపు ధారగా పారే నీటితో, సబ్బుతో కడిగి వెంటనే దవాఖానకు వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

చివరిగా ఒక్కటి. 'మన పాత టామీ అయితే ఇలా చేసేది కాదు' అనకండి. పోయినది మీకు పిల్లప్పుడే దొరికింది, మీ చేతుల్లో పెరిగింది. ఇది ఎన్ని రాళ్లు తిని వచ్చిందో! కొన్నాళ్లకు మీరు దాని ముందే చెప్పు సర్దుకోవడానికి వంగుతారు. అది పారిపోకుండా అక్కడే నిలబడి తోక ఊపితే, మీ ఇంటివరకూ 'అట' చెరిగిపోయినట్టే.