రీవిస్ మీద మోపిన నేరం

అమెరికన్ ఫుట్‌బాల్ రక్షణ క్రీడాకారుల ప్రస్తావనలో డారెల్ రీవిస్ పేరు వచ్చినప్పుడల్లా రెండు మాటలు జంటగా వినిపిస్తాయి: తన తరంలో అతడంతటి కార్నర్‌బ్యాక్ లేడన్నది మొదటిది కాగా, అంతటి ఆటగాడూ డబ్బు కోసం జట్టు మీద జట్టు మారిన కిరాయి మనిషేనన్నది రెండవది. మొదటి మాటను ఇవాళ కాదనేవారు దాదాపు లేరు. రెండవది మాత్రం ఏ విచారణా లేకుండానే తీర్పుగా స్థిరపడి, న్యూయార్క్ వ్యాఖ్యాతల నోటినుంచి సామాన్య అభిమాని నోటిదాకా పాకింది. ఆ తీర్పు తప్పు. పైగా రీవిస్ చేసిన పని ఎటువంటిదో, అతడు పనిచేసిన వ్యవస్థ ఎటువంటిదో పట్టించుకోకపోవడం వల్ల పుట్టిన తప్పు.

దాడి చేసే జట్టులో బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్ కాగా, మైదానం అంచుల వెంట పరుగెత్తి ఆ బంతిని అందుకునేవాడు వైడ్ రిసీవర్; ఆ రిసీవర్‌కు ఎదురుగా నిలిచి, అతడికి బంతి చేరకుండా చూడవలసినవాడు కార్నర్‌బ్యాక్. తాను ఎటు పరుగెత్తబోతున్నాడో రిసీవర్‌కు ముందే తెలుసు, కార్నర్‌బ్యాక్‌కు తెలియదు. అందుకే అతడు తొలి అడుగులు వెనక్కి వేస్తూ, ఎదుటివాడి కదలికను బట్టి క్షణంలో నడుము తిప్పి వెంటపడాలి. 1978లో వచ్చిన నిబంధన ప్రకారం, ఆట మొదలైన గీత నుంచి 5 గజాలు దాటాక రిసీవర్‌ను చేతితో అడ్డుకోవడం నేరం. 2004 నుంచి ఆ నిబంధనను మరింత కఠినంగా అమలు చేస్తున్నారు. అంటే ప్రేక్షకులకు పాయింట్ల పండుగ కావాలని, రక్షకుడి చేతులు కట్టేసి బరిలోకి దింపిన కాలంలో రీవిస్ ఆడాడు.

2009లో న్యూయార్క్ జెట్స్ జట్టుకు అతడు ఆడిన ఆటను దగ్గరగా చూస్తే ఈ పని స్వభావం తెలుస్తుంది. అతడు రిసీవర్‌కు గజం దూరంలో నిలబడేవాడు. కళ్ళను, భుజాలను నమ్మకుండా నడుమును చూసేవాడు, ఎందుకంటే మనిషి కళ్ళతో మోసం చేయగలడు గాని నడుముతో చేయడం కష్టం. తొలి 5 గజాల్లోనే చేయి ఆనించి లయ తప్పించి, ఆపై అంచుగీత వైపు నెట్టుకుపోతూ, బంతి పడగల చోటును తానే ఆక్రమించేవాడు. క్వార్టర్‌బ్యాక్ అటు ఒకసారి చూసి, ఖాళీ కనబడక, మరో వైపు తిరిగేవాడు. ఆ మరుక్షణం ఎవరో వచ్చి అతడిని పడగొడితే, పడగొట్టినవాడి ఖాతాలో ఒక శాక్ చేరేది. రీవిస్ ఖాతాలో ఏమీ చేరేది కాదు.

ఆ ఏడాది రిసీవింగ్ గజాల్లో, అంటే బంతి అందుకుని సాధించిన దూరంలో, నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొత్తానికీ ప్రథముడైన హ్యూస్టన్ ఆటగాడు ఆండ్రే జాన్సన్ రీవిస్ ఎదురుగా 4 బంతులతో 35 గజాలే రాబట్టాడు. మరుసటి వారం న్యూ ఇంగ్లండ్ దిగ్గజం రాండీ మాస్‌కు 4 బంతులు, 24 గజాలు దక్కాయి. లీగ్ దశ చివరి ఆటలో సిన్సినాటికి చెందిన చాడ్ ఓచోసింకోకు ఒక్క బంతి కూడా చిక్కలేదు. ఒక వైపును రీవిస్ ఒంటరిగా కాస్తాడన్న భరోసాతో కోచ్ రెక్స్ రయన్ మిగిలినవారిని క్వార్టర్‌బ్యాక్ మీదికి ధారాళంగా ఉసిగొల్పగలిగాడు. ఆ సీజన్‌లో గజాల్లోనూ పాయింట్లలోనూ ప్రత్యర్థులకు అందరికంటే తక్కువ ఇచ్చిన జట్టు న్యూయార్క్ జెట్స్. అయినా ఉత్తమ రక్షణ క్రీడాకారుడి పురస్కారం గ్రీన్ బేకు చెందిన చార్లెస్ వుడ్‌సన్‌కు దక్కింది, రీవిస్ రెండవ స్థానంతో సరిపెట్టుకున్నాడు. వుడ్‌సన్ గొప్పవాడే, అందులో వివాదం లేదు. కాని అతడి ఖాతాలో 9 ఇంటర్‌సెప్షన్లు, అంటే ప్రత్యర్థి విసిరిన బంతిని గాలిలోనే చేజిక్కించుకున్న సందర్భాలు, ఉండగా రీవిస్ ఖాతాలో 6 మాత్రమే ఉన్నాయి. 2010లో రీవిస్ ఇంటర్‌సెప్షన్ల సంఖ్య సున్నా. ఆ సున్నాతోనే, ఏటి మేటి ఆటగాళ్ళతో అసోసియేటెడ్ ప్రెస్ ప్రకటించే ఆల్‌ప్రో తొలి జట్టులో అతడికి చోటు దక్కిందంటే, ఆట తెలిసినవారు కొందరైనా లెక్కల పుస్తకం పక్కన పెట్టి మైదానం వైపు చూశారన్నమాట.

డబ్బు సంగతి ఇక్కడి నుంచే మొదలవుతుంది. పని లెక్కల్లోకి ఎక్కనప్పుడు దాని విలువ ఎక్కడ నమోదు కావాలి? జీతం ఒప్పందంలో తప్ప మరెక్కడా కాదు. కళాశాల ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ అనే పద్ధతిలో 2007లో 14వ వాడిగా జెట్స్‌కు చేరిన రీవిస్‌కు, ఎక్కడ ఆడాలో ఎంచుకునే హక్కు అప్పుడు లేదు. ఆ తొలి ఒప్పందం ప్రకారం 2010కి అతడి జీతం 10 లక్షల డాలర్లు. అదే స్థానంలో ఓక్లండ్‌కు ఆడుతున్న నామ్డీ అసోముగాకు ఏడాదికి సగటున సుమారు కోటీ 50 లక్షల డాలర్లు ముడుతున్నాయి. తొలి ఒప్పందంలోని బోనస్‌లు రీవిస్‌కు అంతకుముందే అందిన మాట నిజమే, అయినా ఆ వ్యత్యాసాన్ని అవి పూడ్చవు. అందుకే అతడు ఆగస్టు శిక్షణ శిబిరానికి వెళ్ళలేదు. కొత్త ఒప్పందం కుదిరేదాకా ఆటగాడు ఇలా గైర్హాజరు కావడాన్ని హోల్డౌట్ అంటారు. అయిదు వారాల తర్వాత, సెప్టెంబరు తొలి వారంలో, 4 ఏళ్ళకు 4 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆ వారాలన్నీ, శిక్షణ శిబిరాన్ని చూపే హెచ్.బి.ఓ. వారి 'హార్డ్ నాక్స్' ధారావాహికలో దేశమంతా చూడగా, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే మనిషిగా రీవిస్ మీద ముద్ర పడిపోయింది.

విమర్శకుల వాదమంతా ఒక్క సామెతలో ఇముడుతుంది: ఒప్పుకున్న పెళ్ళికి వాయించక తప్పదు. సామెత సరైనదే, కాని అది మేళగాళ్ళకు మాత్రమే వర్తించి, పెళ్ళివారికి వర్తించకపోతే న్యాయం కాదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఒప్పందంలో హామీ ఇచ్చిన మొత్తం వేరు, కాగితం మీద కనిపించే మొత్తం వేరు. హామీ లేని సొమ్ము ఎగ్గొట్టి ఆటగాడిని ఏ వసంతంలోనైనా సాగనంపే హక్కు జట్టుకు ఉంటుంది. 2013లో ట్యాంపా బే జట్టు రీవిస్‌తో 6 ఏళ్ళకు 9 కోట్ల 60 లక్షల డాలర్లని సంతకం చేసింది, అందులో హామీ సొమ్ము శూన్యం. ఒక్క సీజన్ గడవగానే, 2014 మార్చిలో, అతడిని విడుదల చేసింది. మిగిలిన 5 ఏళ్ళ సొమ్ము కాగితానికే పరిమితమైంది. అప్పుడు ట్యాంపా బే మాట తప్పిందని ఏ అభిమాని జెండా కాల్చినట్టూ కనబడదు.

జట్లు మారాడన్న నిందను తేదీలతో సరిచూస్తే అది నిలవదు. 2012 సెప్టెంబరులో మయామితో ఆడుతుండగా రీవిస్ ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. 2013 ఏప్రిల్‌లో అతడిని ట్యాంపా బేకు ఇచ్చి, బదులుగా డ్రాఫ్ట్ వంతులు తీసుకున్నది జెట్స్. ట్యాంపా బే విడుదల సంగతి చెప్పుకున్నదే. న్యూ ఇంగ్లండ్ అతడిని ఒక ఏడాదికి తీసుకుని, 2015 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచి, రెండో ఏడాది కొనసాగింపు నిబంధనను వాడుకోకుండా వదిలేసింది. అప్పుడే అతడు మళ్ళీ జెట్స్‌కు సంతకం చేశాడు. 2017లో జెట్స్, 2018లో కాన్సాస్ సిటీ అతడిని వదులుకున్నాయి. ఇన్ని నిష్క్రమణల్లో ఒక్కదానికైనా తొలి అడుగు రీవిస్ వేయలేదు. న్యూ ఇంగ్లండ్ ఇవ్వజూపినదాన్ని కాదని జెట్స్ ఇచ్చిన ఎక్కువ సొమ్మును ఎంచుకున్నాడనడం సత్యమే. మార్కెట్‌లో నిలబెట్టినవారే బేరమాడవద్దంటే ఎలా కుదురుతుంది?

కాస్త బరువున్న అభ్యంతరం ఒకటుంది. లీగ్‌లో ప్రతి జట్టు మొత్తం జీతాల మీద సాలరీ క్యాప్ అనే పరిమితి ఉంటుంది కాబట్టి, ఒకడు ఎక్కువ తీసుకుంటే ఆ మేరకు సహచరుల వాటా తగ్గుతుందని, కాబట్టి రీవిస్ గెలుచుకున్నది యజమాని నుంచి కాదు, తోటి ఆటగాళ్ళ నుంచేనని అంటారు. సాధారణ సంవత్సరాల్లో ఈ మాటకు అర్థముంది. అయితే అతడు శిబిరానికి రాని 2010లో ఆ పరిమితే లేదు: కార్మిక ఒప్పందం నుంచి యజమానులే ముందుగా వైదొలగడంతో, దాని చివరి ఏడాది పరిమితి లేకుండా నడిచింది. ఆ మరుసటి ఏడాది ఇంకా విచిత్రం. 2011 మార్చి నుంచి జూలై దాకా, నాలుగు నెలలకు పైగా, 32 జట్ల యజమానులు ఆటగాళ్ళకు తలుపులు మూసి లాకౌట్ ప్రకటించారు. ఒక ఆటగాడు అయిదు వారాలు రాకపోతే ద్రోహం, యజమానులు అందరూ కలిసి నాలుగు నెలలు ఆట ఆపితే వ్యాపార వివాదం! నీతికి ఇన్ని కొలబద్దలు వాడేవారు కిరాయి అన్న మాట ఎత్తకుండా ఉంటే గౌరవంగా ఉండేది.

తన పనికి తగిన సొమ్ము తానే అడిగి తీసుకోవాలన్న పాఠాన్ని రీవిస్ ఎక్కడ నేర్చుకున్నాడో చూడడం కూడా అవసరమే. పెన్సిల్వేనియాలోని అలిక్విప్పా అతడి స్వస్థలం. మైక్ డిట్కాను, టై లాను ఆటకు ఇచ్చిన ఆ చిన్న ఊరు ఉక్కు మిల్లు చుట్టూ పెరిగింది. 1980లలో మిల్లు పని చాలావరకు ఆగిపోయి వేలమంది వీధిన పడ్డారు. రీవిస్ పుట్టింది 1985లో. అతడి మేనమామ షాన్ గిల్బర్ట్ కూడా ఈ లీగ్‌లో రక్షణ క్రీడాకారుడే. ఒప్పందం నచ్చక 1997 సీజన్ మొత్తం అతడు వాషింగ్టన్ జట్టుకు ఆడకుండా కూర్చోగా, మరుసటి ఏడాది కెరొలైనా రెండు తొలి రౌండ్ డ్రాఫ్ట్ వంతులు వదులుకుని మరీ అతడిని తెచ్చుకుంది. అంతకు ముందు 1993లో, రెజీ వైట్ పేరుతో నడిచిన దావా పరిష్కారం ఫలితంగానే, ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్ళే స్వేచ్ఛ వచ్చింది. వైట్ కూడా రక్షణ క్రీడాకారుడే, పైగా మతబోధకుడు; అతడి మీద పేరాశపరుడన్న ముద్ర పడలేదు.

రీవిస్ మచ్చలేని వాడని ఇక్కడి వాదం కాదు. 2010లో శిబిరానికి దూరమై నేరుగా బరిలోకి దిగిన అతడికి రెండో ఆటలోనే తొడ కండరం పట్టేయగా, రాండీ మాస్ ఒంటి చేత్తో బంతి అందుకుని టచ్‌డౌన్ చేశాడు. సన్నద్ధత లోపానికి అతడు చెల్లించిన మూల్యమది. 2016లో అతడి వేగం స్పష్టంగా తగ్గింది. తొలి ఆటలోనే సిన్సినాటి ఆటగాడు ఎ.జె. గ్రీన్ జెట్స్ మీద 180 గజాలు రాబట్టాడు. ఆ ఏడాది అందుకున్న సొమ్ముకు తగినట్టు రీవిస్ ఆడలేదన్నది కాదనలేని విషయం. అయితే 2009లో అందుకున్న సొమ్ముకు మించి ఆడినప్పుడు, ఆ తేడాను జెట్స్ తానుగా లెక్కగట్టి ఇవ్వలేదు కూడా.

2023లో, అర్హత వచ్చిన తొలి ఏడాదే, ఒహాయోలోని కాంటన్‌లో ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌కు రీవిస్ ఎంపికయ్యాడు. అతడి మొత్తం ఇంటర్‌సెప్షన్లు 29. అదే ఏడాది ఎంపికైన మరో కార్నర్‌బ్యాక్ కెన్ రైలీ విమర్శకులు కోరే సుగుణాలన్నీ ఉన్నవాడు: 1969 నుంచి 1983 దాకా 15 సీజన్లు సిన్సినాటి ఒక్క జట్టుకే ఆడాడు, 65 ఇంటర్‌సెప్షన్లు చేశాడు. లీగ్ మేటి ఆటగాళ్ళు అప్పట్లో ఏటా ఆడిన ప్రో బౌల్‌కు అతడిని ఒక్కసారి కూడా పిలవలేదు. హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు వచ్చేసరికి ఆట మానేసి 39 ఏళ్ళు గడిచాయి, రైలీ 2020 జూన్‌లోనే మరణించాడు.