ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు, ఒక్క వికలాంగులకు తప్ప

చిలకలూరిపేటలో ఏ ఇంటర్నెట్ సెంటర్ దగ్గర ఎవర్ని కదిపినా ఒకే మాట: “ఫోన్లొచ్చాక వికలాంగులకు తిరుగుడు తప్పిందండీ. చేతగాకపోతే పక్కన ఎవరో ఒకరు చేసిపెడతారు.” అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, చాలామంది చేసిపెడతారు కూడా. నా పేచీ ఆ మంచితనంతో కాదు, దాని చాటున యాప్ తయారుచేసినవాణ్ణి వదిలేయడంతో.

మన పత్తినే తీసుకోండి. 2025 సీజన్ నుంచి పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో ఆధార్‌తో నమోదై స్లాట్ తీసుకోవాలి. ఆ సీజన్‌లో పొడుగు పింజకు మద్దతు ధర క్వింటా 8,110 రూపాయలు ఉండేది. స్లాట్ అందనివాడు వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చుకోవాల్సిందే. చూపులేని రైతుకు పక్కింటి కుర్రాడు స్లాట్ తీసిపెడతాడు, సరే. అందుకు వాడికి ఆధార్ నంబరు చెప్పాలి, ఓటీపీ చెప్పాలి. చూపున్నవాణ్ణి ఎవరైనా ఓటీపీ అడిగితే మోసగాడని కేకలేస్తాం. ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పంపుతాయి. ఆ జాగ్రత్త వికలాంగుల డబ్బుకు అక్కర్లేదా?

నిజానికి పరికరాలకు కొరత లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉచితం. వేలు పెట్టినచోట ఏముందో తెలుగులోనే చదివి చెబుతుంది. కంప్యూటర్‌కు ఇలాగే చదివి చెప్పే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ 2006 నుంచీ ఉంది, అదీ ఉచితమే. కానీ యాప్ రాసినవాడు బటన్లకు పేర్లు పెట్టకపోతే టాక్‌బ్యాక్ ‘బటన్... బటన్... బటన్’ అని ఊరుకుంటుంది. ఏది నొక్కితే దరఖాస్తు వెళుతుందో, ఏది నొక్కితే రద్దవుతుందో తెలీదు. కాప్చాను చెవితో వినే వీలు పెట్టకపోతే పని అక్కడే ఆగిపోతుంది. సంతకాలు చేయించి స్కాన్ తీసి పెట్టిన జీవో వట్టి ఫొటో, అందులో స్క్రీన్ రీడర్‌కు అక్షరాలు దొరకవు. ఇక మన డీటీపీ షాపుల అను ఫాంట్ల సంగతి: నోటీసును యూనికోడ్‌లోకి మార్చకుండా పెడితే కంటికి చక్కటి తెలుగే, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. దీనికి ఏ అమెరికా కంపెనీనీ తిట్టే వీల్లేదు, అచ్చంగా మన నిర్వాకమే.

“ఎంతమంది ఉంటారు, అంత ఖర్చెందుకు” అనేవాళ్లూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల పైచిలుకు. బటన్‌కు పేరు రాయడానికి ఖర్చెంతో అనేవాళ్లే చెప్పాలి. పైగా ఇది దయాధర్మం విషయం కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. వికలాంగులకు అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేస్తే చాలదని, తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో చెప్పింది. బ్యాంకు కేవైసీలో కళ్లార్పమంటే ఆర్పలేకపోయిన యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్ కోర్టుకెక్కారు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న అదే కోర్టు తీర్పిచ్చింది.

ఉద్యోగాల దగ్గర ‘వీళ్లకెందుకు’ అనే ఈ వాదన ఇంకా మొండిగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలైంది, ఇంటికే తెచ్చిస్తున్నారు. సంతోషమే. అయితే పింఛను వస్తోందిగా, ఇక పనెందుకంటారు. కంప్యూటర్ ముందు చూపులేనివాడు ఏం చేస్తాడని స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో నవ్వుతారు. లెక్కల సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తుందో లేదో కొనేముందు అడిగిన యజమాని మాత్రం నాకింతవరకు తగల్లేదు. జిన్నింగ్‌లో వేళ్లు పోగొట్టుకున్నవాడికి వేలిముద్ర హాజరు పెట్టడం ఏం న్యాయమో అర్థం కాదు. ఇదంతా అంటే చూపులేని పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లాను చూపిస్తారు. మచిలీపట్నం దగ్గర పుట్టి ఎంఐటీ దాకా వెళ్లి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టిన ఆయన కూడా ఇంటర్‌లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

యాప్ చేయించుకునే శాఖ టెండరులో ఒక్క షరతు రాస్తే చాలు: చూపులేనివారు, వినికిడి లేనివారు, చేతులు సరిగా ఆడనివారు సొంతంగా వాడి సరేనన్నాకే ఆఖరి బిల్లు. వాళ్లకు ఆ పరీక్ష చేసినందుకు కూలీ కూడా ఇవ్వాలి.