‘నీకెలా తెలుసు?’ అన్న ప్రశ్న దండగ కాదు

డిగ్రీ మొదటి ఏడాదిలో విశ్లేషించి రాయడం, ఆధారాలు వెతికి రాయడం నేర్పే పేపరు ఒకటి అవసరమా అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. సిలబస్ మార్చడానికి కమిటీ కూర్చున్నప్పుడల్లా ముందుగా వేటు పడేది దీనిమీదే. స్టాఫ్‌రూములో ఇదే మాట, తల్లిదండ్రుల సమావేశంలో ఇదే మాట: “ఆ గంటలేవో కోడింగుకు ఇస్తే పిల్లలు బాగుపడతారు కదా!” అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్నకు వాళ్లే చెప్పుకుంటున్న జవాబుల్లో తప్పుంది. ఏళ్ల తరబడి ఆ పేపరు చెబుతున్నదాన్ని కనుక, ఆ తప్పు ఎక్కడుందో చూపించాల్సిన బాధ్యత నాకుంది.

అవతలివాళ్ల మాటను వాళ్లు ఒప్పుకునేలా చెప్పాకే ఖండనకు దిగాలన్నది మన శాస్త్రగ్రంథాల పద్ధతి. దానికే పూర్వపక్షమని పేరు. కాబట్టి ముందు వాళ్ల వాదన. ఒకటి: ఇది అమెరికా కాలేజీల నుంచి దిగుమతైన అలవాటు, మనకు పరాయిది. రెండు: భాష వచ్చినవాళ్లకు రాయడం దానంతటదే వస్తుంది, పిల్లలు పదో తరగతి నుంచీ వ్యాసాలు రాస్తూనే ఉన్నారు. మూడు: ఇంజనీరింగు, సైన్సు పిల్లలకు లెక్క తప్పకపోతే చాలు, రాత ఎలా ఉంటేనేం. నాలుగు: అడగ్గానే రాసిపెట్టే కృత్రిమ మేధ ఫోనులోనే ఉంది, ఇంకా చేత్తో కుస్తీ ఎందుకు?

మొదటిదానిలో సగం నిజముంది. మొదటి ఏడాది విద్యార్థులందరికీ తప్పనిసరి రచనా పాఠంగా ఇది హార్వర్డ్‌లో 1885లో స్థిరపడింది, అక్కడినుంచి అమెరికా అంతటా పాకింది. కానీ కాలేజీ గడప తొక్కిన పిల్లవాడు ఏం రాయాలి, ఎలా రాయాలి అన్న గొడవ మన దగ్గరా నూరేళ్ల కిందటే రేగింది. మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్‌లో, అంటే అప్పటి కాలేజీ చదువుకు తొలి మెట్టులో, తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్నది ఆ గొడవ. గ్రాంథికమేనని ఒక వర్గం, వ్యావహారికమూ ఉండాలని మరో వర్గం. దాన్ని తేల్చడానికి వేసిన సంఘంలో సభ్యుడైన గురజాడ అప్పారావు మెజారిటీ అభిప్రాయంతో ఏకీభవించలేక 1914లో అసమ్మతి పత్రం రాసిచ్చారు. ‘నాకు నచ్చలేదు’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి ఊరుకోవచ్చు. ఆయన అలా ఊరుకోలేదు. వ్యాకరణాల దగ్గరికి, పాత రచనల దగ్గరికి, జనం నోటి మాట దగ్గరికి వెళ్లి ఉదాహరణలు ఏరుకొచ్చి, ప్రతి వాదాన్నీ విప్పి చూపించారు. ఆనాడు ఆయన పట్టిన వ్యావహారిక పక్షం నెగ్గలేదు. ఇవాళ మీరు చదువుతున్న ఈ వాక్యం ఏ భాషలో ఉందో చూసుకుంటే చివరికి ఏ వాదం నిలిచిందో తెలుస్తుంది.

తెలంగాణలోనూ అంతే. ఇక్కడ కవులు లేరని ఎవరో రాసిన మాటకు సురవరం ప్రతాపరెడ్డి ఎలా జవాబిచ్చారో గుర్తు చేసుకోండి. తన గోలకొండ పత్రికలో ఘాటుగా నాలుగు సంపాదకీయాలు రాసి చేతులు దులుపుకునే వీలు ఆయనకుంది. అయినా ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, వివరాలు కూర్చి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. దాని తర్వాత ‘లేరు’ అనే మాటకు నిలువ నీడ లేకుండా పోయింది. పరిశోధించి రాయడమంటే అదే. అది మనకు పరాయిదని అనేవాళ్లు మన పెద్దల పనిని మనకే పరాయి చేస్తున్నారు.

ఇక రెండో వాదన. పిల్లలు వ్యాసాలు రాస్తూనే ఉన్నారన్నది నిజమే. ఏం రాస్తున్నారో చూడాలి. ఉపోద్ఘాతం, విషయ విస్తరణ, లాభాలు, నష్టాలు, ముగింపు. దూరదర్శనమైనా, పర్యావరణమైనా, మహిళా సాధికారత అయినా అవే అయిదు గదులు. కలం పట్టకముందే ముగింపు తెలిసిపోయి ఉంటుంది, ఎందుకంటే గైడులో ఉంది. అలాంటి వ్యాసం వందసార్లు రాసినా ఒక్క కొత్త సంగతి తెలియదు. చేతిరాత మాత్రం కుదురుతుంది.

దీనికీ, నేను చెప్పే రాతకూ తేడా ఏమిటో ఒక అమ్మాయి పని చూపిస్తే తెలుస్తుంది. వరంగల్ దగ్గరి పల్లె నుంచి వచ్చింది, బీకాం మొదటి ఏడాది. ఊరి సమస్య ఒకటి తీసుకుని రాయమన్నాను. ‘ప్రభుత్వ నిర్లక్ష్యం వల్ల మా ఊరి చెరువు ఎండిపోయింది’ అని మొదలుపెట్టింది. పక్కన మార్జిన్లో ‘నీకెలా తెలుసు?’ అని రాసి తిరిగిచ్చాను. అమ్మాయికి కోపమొచ్చింది. “మా ఊళ్లె అందరికి తెలుసు మేడం” అంది. “ఆ అందరిలో ఒక్కరితో మాట్లాడి రామ్మా” అన్నాను.

దసరా సెలవుల్లో వెళ్లింది. తూము తిప్పే ముసలి నీరటిని కలిసింది. మత్తడి దుంకక ఎనిమిదేండ్లయిందని చెప్పాడాయన. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టారు కదా, తన ఊరి చెరువు అందులో ఉందా అని ఆరా తీసింది. ఉంది. పూడిక తీశారు, కట్ట బలపరిచారు. అంటే ‘నిర్లక్ష్యం’ అన్న మాట, తను రాసిన తీరులో నిలవదు. మరి వానలు తగ్గాయా? మండలం వర్షపాతం లెక్కలు సంపాదించి ఏడాది పక్కన ఏడాది పెట్టి చూసింది. తగ్గలేదు. అప్పుడు గ్రామ నక్షా పట్టుకుని, పై చెరువు నుంచి తన చెరువుకు నీళ్లు రావాల్సిన కాలువ వెంట నడిచింది. ఇవి గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండి పొర్లితేనే కింది దానికి నీరు. ఆ కాలువ రెండుచోట్ల పూడిపోయి ఉంది. ఒకచోట రోడ్డు ఎత్తు పెంచి కింద నీళ్లు పోయే తూము పెట్టలేదు. ఇంకోచోట ప్లాట్లు వేశారు.

మూడోసారి రాసుకొచ్చిన కాగితంలో మొదటి వాక్యం మారిపోయింది: ‘మా చెరువు బాగానే ఉంది, దానికి నీళ్లొచ్చే దారి పోయింది.’ చివర ఇంకో మాట చేర్చింది. చుట్టూ తవ్విన బోర్ల ప్రభావం ఎంతో తను చూడలేకపోయానని, అది కూడా చూస్తే తప్ప పూర్తి కారణం చెప్పలేనని. పద్దెనిమిదేళ్ల పిల్ల తన వాదానికి హద్దు తనే గీసుకుంది. ఇది దానంతటదే వచ్చిందనేవాళ్లు ఆ మొదటి కాగితాన్ని చూడాలి. భాష ఆ అమ్మాయికి మొదటి రోజునే వచ్చు. ఆలోచన మాత్రం మూడుసార్లు తిరగరాశాకే వచ్చింది. రాయడమంటే తెలిసింది కాగితం మీద పెట్టడమేనన్న నమ్మకం ఇక్కడే కూలిపోతుంది. కాగితం మీద పెట్టాకే మనకేం తెలియదో బయటపడుతుంది.

ఇంజనీర్లకు రాత ఎందుకు అన్న మూడో వాదన అన్నిటికన్నా ప్రమాదకరమైంది. దానికి జవాబు కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా నౌక కథలో ఉంది. 2003 జనవరి 16న నింగికెగిసేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, దెబ్బ ఎంత పెద్దదో అంచనా వేసి ఇంజనీర్లు పై అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకటి తర్వాత ప్రపంచమంతా చదివింది. పాత పరీక్షల ప్రకారం లెక్కలు జాగ్రత్త పక్షానే ఉన్నాయని అనిపించేలా పైన శీర్షిక ఉంది. అసలు సంగతి అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నౌకకు తగిలింది 1,920 ఘనపు అంగుళాలని అంచనా. అంటే 640 రెట్లు. పాత పరీక్షలు ఈ దెబ్బకు వర్తించవని ఆ అంకెలు చెబుతున్నాయి, శీర్షిక మాత్రం నిబ్బరంగా ఉండమంటోంది.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా గాలిలోనే ముక్కలైంది. ఏడుగురూ పోయారు. ఆ ఒక్క స్లైడే వాళ్ల ప్రాణం తీసిందని నేను అనను. దుర్ఘటనపై విచారించిన సంఘమూ అలా అనలేదు. కానీ అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ సంఘం ఈ స్లైడుకు ప్రత్యేకంగా చోటిచ్చింది, ప్రాణాపాయం గురించిన మాట అందులో ఉన్నట్టు చదివే అధికారికి తట్టకపోవడం సహజమేనని తేల్చింది. లెక్క తప్పలేదు. ఏది ముఖ్యమో, ఏది దేనికి ఆధారమో, ఆ ఆధారం ఎక్కడిదాకా పనిచేస్తుందో చెప్పే వాక్యం తప్పింది. ఆ వాక్యం రాయడం నేర్పే పేపరునే కదా ఇంజనీరింగు పిల్లలకు వద్దంటున్నారు!

నాలుగోది కృత్రిమ మేధ. అది సాఫీగా రాస్తుంది, కాదనను. కానీ సాఫీగా ఉండటం వేరు, నిజంగా ఉండటం వేరు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక విమాన సంస్థ మీద వేసిన దావాలో, వాది తరఫు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉదహరిస్తూ కాగితాలు దాఖలు చేశారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. వాళ్లు చదువుకోనివాళ్లు కాదు, అనుభవమున్న లాయర్లు. చేయాల్సిన పని ఒక్కటే: ఆ తీర్పు ఎక్కడుందో తీసి చూడటం. మొదటి ఏడాదిలో మేము నేర్పేది సరిగ్గా ఆ పనే. రాసిపెట్టే యంత్రం వచ్చాక ఆ అలవాటు విలువ పెరిగింది. ఇంతకుముందు అబద్ధపు ఆధారం సృష్టించాలంటే కాస్తయినా కష్టపడాలి, ఇప్పుడు ఆ కష్టమూ లేదు.

ఈ పేపరును వద్దనేవాళ్ల మాటలో ఒక న్యాయముంది, దాన్ని దాటవేయను. చాలాచోట్ల ఇది చెడ్డగా సాగుతోంది. క్లాసుకు డెబ్బై మంది, ఒక్క టీచరు. ‘థీసిస్ స్టేట్‌మెంట్ అంటే ఏమి?’ అని అయిదు మార్కుల ప్రశ్న, గైడులో జవాబు. విశ్లేషణను కూడా కంఠస్థం చేయించగలిగిన ఘనత మన పరీక్షలది. చివరి ఏడాది వచ్చేసరికి ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ షాపులో రెడీగా దొరుకుతుంది, పేరు మార్చి బైండింగు చేయించడమే. ఇవన్నీ నిజం. అయితే అన్నం మాడిందని వంటే మానేస్తామా? మంట తగ్గిస్తాం.

ఆ మంట తగ్గించడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఏడాదికి పది వ్యాసాలకు బదులు రెండు చాలు, కానీ ఒక్కోటి మూడుసార్లు రాయించాలి. మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య ఆలోచన ఎంత కదిలిందో దానికి మార్కులివ్వాలి. ఒక్క ఆధారమైనా పుస్తకంలోంచి కాకుండా మనిషి నుంచో, ఆఫీసు రికార్డు నుంచో తెమ్మనాలి. ఎవరి మాట ఎక్కడ తీసుకున్నారో చెప్పడం మర్యాదగా నేర్పాలి. ఇప్పుడది శిక్షల పట్టికగా మాత్రమే తెలుస్తోంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే చర్య ఉంటుంది, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పీహెచ్‌డీ దగ్గర అంత కఠినంగా అడుగుతున్నది, పద్దెనిమిదో ఏట ఎవరైనా నేర్పారా? మొలకప్పుడు వంచకుండా మానైనాక విరవడం ఏం న్యాయం?

ఆ చెరువు అమ్మాయి సంగతి ఒకటి చెప్పకుండా దాచాను. కాలువ మీద వెలిసిన ప్లాట్లలో ఒకటి వాళ్ల మేనమామది. చివరి ప్రతి ఇచ్చే ముందురోజు వచ్చి, అది కూడా రాయాలా మేడం అని అడిగింది. ఆ ప్లాటు లేకుండా నీ వాదం నిలుస్తుందో లేదో నువ్వే చూసుకోమన్నాను. చాలాసేపు కాగితం చూస్తూ కూర్చుంది. మర్నాడు ఇచ్చిన ప్రతిలో ఆ ప్లాటు సర్వే నంబరుతో సహా ఉంది.