ఇంటి విత్తనము - చేని లాభము



విత్తనము, ఎరువు, పురుగుమందు అను మూడింటికిని అప్పుచేసి సేద్యము సాగించు ఇంట, పంట యెంత పండినను కళ్ళములోనే సగము చేతులు మారిపోవును. సేంద్రియ సేద్యమున లాభమెక్కడ నున్నదని యడిగినచో, మొట్టమొదట ఈ వ్యయము తగ్గుటయందే యని చెప్పవలెను. అది చాలవఱకు గృహిణుల చేతిలోని పని.

పత్తి, సోయా, కంది, మినుము పండించు కామారెడ్డి జిల్లా పెద్ద కొడప్‌గల్ స్త్రీలకు ఇందుకు నిదర్శనము దూరమున లేదు. వారి లోక్‌సభా నియోజకవర్గమైన జహీరాబాదునందే, పస్తాపూరు గ్రామమున, 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెలసినది. పేద దళిత స్త్రీలు సంఘములుగా గూడి, వానపై నాధారపడిన చేలలో జొన్న, కొఱ్ఱ, కంది, పెసర మున్నగునవి కలిపి విత్తిరి. ఒక పైరు చెడినను మఱొకటి నిలుచును. కంది, పెసర వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి పైరున కందించును. విత్తనములను బూడిద, వేపాకు కలిపి, మట్టితో మెత్తిన బుట్టలలో దాచుకొందురు. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈక్వేటరు బహుమాన మొసంగిరి.

ఇంట చేసికొనదగిన ఎరువులలో జీవామృత మొకటి. ఎకరమునకు 200 లీటర్ల నీటిలో ఆవుపేడ 10 కిలోలు, గోమూత్రము 5 మొదలు 10 లీటర్లు, బెల్లము 2 కిలోలు, సెనగపిండి 2 కిలోలు, చేనిగట్టు మన్ను పిడికెడు వేసి, గోనెపట్టా కప్పి నీడను 48 గంటలుంచవలెను. దినమునకు రెండు మాఱులు కఱ్ఱతో కలియబెట్టవలెను. వారములోగా వాడవలెను.

అయినను తొందర కూడదు. 2021లో శ్రీలంక ప్రభుత్వము రసాయనపుటెరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధింపగా వరి దిగుబడి పడిపోయెను. ఆ యేడే నిషేధమును సడలింపవలసి వచ్చెను. నేల కోలుకొనుటకు కాలము పట్టును. కావున మొదట ఇంటి తిండికి పండించు అర యెకరముతో ఆరంభించి, ఏటేట పెంచుకొనుట మేలు.

అమ్ముకొనునపుడు హెచ్చు ధర రావలెనన్న ధ్రువపత్రము కావలెను. కేంద్ర ప్రభుత్వపు పి.జి.ఎస్. పద్ధతిలో కనీసము ఐదుగురు రైతులు జట్టుగా గూడి, ఒకరి చేను నొకరు పరీక్షించుకొని దానిని పొందవచ్చును.

ఇక పద్దుపుస్తకము. రెండు మడుల వ్యయమును వేర్వేఱుగా మీరే వ్రాయుడు. ఏడాది చివర చూడవలసినది ఎన్ని బస్తాలు పండినవని కాదు. అప్పు తీరిన పిమ్మట ఇంట మిగిలిన దెంత యని.